మడ చెట్టుకు ఉప్పు ఎందుకు ఎక్కదు?

మీ ప్రశ్న: చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోట మడ చెట్లు పచ్చగా ఉన్నాయి, మా బాల్కనీలో మిరప మొక్క ఉప్పటి బోరు నీళ్లకే ఎండిపోయింది, జన్యువుల్లో తేడా ఉందా?

ఉంది, కానీ మనం అనుకునే చోట కాదు. ఉప్పును ఎదుర్కొనే ముఖ్యమైన జన్యువులు మిరపకూ ఉన్నాయి. వేరు కణంలోకి ఉప్పులోని సోడియం చొరబడగానే లోపల కాల్షియం పెరుగుతుంది. దాన్ని ఎస్‌ఓఎస్3 అనే ప్రోటీన్ పసిగట్టి ఎస్‌ఓఎస్2ను లేపుతుంది. అది ఎస్‌ఓఎస్1 అనే పంపును నడిపిస్తుంది. ఆ పంపు సోడియాన్ని బయటికి తోసేస్తుంది. (ఎస్‌ఓఎస్ అని పేరు పెట్టినవాళ్లకు సరదా ఎక్కువే!) మిగిలిన సోడియాన్ని ఎన్‌హెచ్‌ఎక్స్ అనే ఇంకో పంపు కణంలోని రిక్తికలో, అంటే కణం లోపలి సంచిలో, పడేస్తుంది, మనం పాత సామాను అటక మీద పడేసినట్టు.

మామూలు మొక్క ఉప్పు తగిలాక హడావుడి పడుతుంది. ఉప్పుకు తట్టుకునే మొక్కల్లో ఇలాంటి జన్యువులు చాలావరకు ముందే గట్టిగా పనిచేస్తూ ఉంటాయి. ఆవాల కుటుంబంలోని రెండు దగ్గరి బంధువులను, అంటే ఉప్పును ఓర్చుకునే థెల్లుంజియెల్లానూ ఓర్చుకోలేని అరబిడాప్సిస్‌నూ, పోల్చినప్పుడు ఇదే కనిపించింది.

తెల్ల మడ అయితే మిగులు ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా కక్కేస్తుంది కూడా.

ఈ జన్యువులను పంటల్లో పెట్టొచ్చా? మన చెన్నై తరమణిలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవాళ్లు తెల్ల మడ జన్యువు ఒకటి బాస్మతి వరిలో పెట్టి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆ వరి ఉప్పును మెరుగ్గా తట్టుకుంది. అయితే ఉప్పు ఓర్పు ఒక్క జన్యువు పని కాదు, అందుకే పొలం దాకా రావడం కష్టం.

మిరపకు మాత్రం వాన నీళ్లు పట్టి పోయండి.