డ్రై క్లీనింగ్ స్థలంలో పెర్క్ (బట్టలు శుభ్రం చేసే రసాయనం) బయటపడితే: 1986కి ముందు ఇన్సూరెన్స్ పాలసీలు వెతకండి

మీ షాపు స్థలంలో పెర్క్ బయటపడి రాష్ట్ర పర్యావరణ శాఖ లెటర్ పంపిందని, ఇన్సూరెన్స్ కంపెనీ మీ క్లెయిమ్ కొట్టేసిందని, ఏం చేయాలని అడిగారు. మీరు పంపింది ఇప్పటి పాలసీ, క్లెయిమ్ కొట్టేసింది అందుకే. అమెరికాలో 1986 నుంచి వ్యాపార లయబిలిటీ పాలసీల్లో (ఇతరులకు జరిగిన నష్టానికి కవరేజీ ఇచ్చేవి) కాలుష్యానికి కవరేజీ దాదాపు పూర్తిగా తీసేశారు. కానీ మీ షాపు 1968 నుంచి నడుస్తోందన్నారు. నష్టం జరిగిన ఏడాది అమల్లో ఉన్న పాత పాలసీ మీద ఇవాళ కూడా క్లెయిమ్ వేయొచ్చు.

1. పాలసీ కాగితమే దొరకాలని లేదు. పాత అకౌంట్ పుస్తకాలు, ప్రీమియం చెక్కులు, బ్యాంకు లోన్ ఫైళ్లు చూడండి. మాకైతే స్థలం ఓనర్ దగ్గరున్న లీజు ఫైల్లో, తుప్పు పట్టిన పిన్నుతో గుచ్చిన ఒక్క పేజీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ దొరికింది. కంపెనీ పేరు, పాలసీ నంబరు, తేదీలు అందులోనే ఉన్నాయి.

2. అందరూ తప్పేది ఇక్కడే. "ముందు మన డబ్బుతో మట్టి పరీక్షకు బోర్లు వేయించి, తర్వాత అడుగుదాం" అనుకుంటున్నారు కదా, దయచేసి ఆగండి. తమకు చెప్పకుండా పెట్టిన ఖర్చును ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వదనే షరతు ఆ పాలసీల్లో ఉంటుంది. దొరికిన ప్రతి కంపెనీకీ ఇప్పుడే రాతపూర్వకంగా నోటీసు పంపండి. రాష్ట్ర పర్యావరణ శాఖ లెటర్ జత చేసి, డిఫెన్స్ ఖర్చు (మీ తరఫున వాదించేందుకు అయ్యే ఖర్చు) భరించమని స్పష్టంగా అడగండి. ఆ లెటర్‌లోని గడువు మాత్రం దాటనివ్వకండి.

3. 1970ల నుంచి 1986కి ముందు దాకా వచ్చిన పాలసీల్లో "హఠాత్తుగా, అనుకోకుండా" జరిగిన కాలుష్యానికే కవరేజీ అని ఉంటుంది. దాని అర్థం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా తేల్చారు. పాలసీదారుల తరఫున వాదించే లాయర్‌కే చూపించండి.

4. మీ మామగారు ఈ షాపు తీసుకున్నప్పుడు కొన్నది దాన్ని నడిపిన కంపెనీ షేర్లా, షాపు సామానా? కొనుగోలు అగ్రిమెంట్ కూడా తీసుకెళ్లండి. పాత పాలసీల మీద మీకు హక్కు ఉందో లేదో దాన్ని బట్టే ఉంటుంది.