సరుకులు జర్మనీలో, కాపురం బాజెల్‌లో: కొత్తగా వచ్చే మనవాళ్లకి

సెలవలకి నెల్లూరొచ్చి పది రోజులైంది, ఈ పది రోజుల్లో నేను ఎక్కువసార్లు చెప్పిన మాట ఏందంటే "తలకి కిలో మాంసం, తలకి ఐదు లీటర్ల వైను" అని. మా వెనక వీధి అబ్బాయికి స్విట్జర్లాండులో బాజెల్ అనే ఊళ్లో ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల్లో ప్రయాణం, వాళ్లమ్మ (నేను పెద్దమ్మా అంటాను) ఇప్పుడే హాల్లో సూట్‌కేసు తెరిచి పెట్టేసింది. కావలి నుంచి ఒక జంట, ఒంగోలు నుంచి ఇంకో పిల్లోడు కూడా ఫోన్లు చేశారు. అందరిదీ ఒకటే సందేహం, స్విట్జర్లాండులో రేట్లు మండిపోతాయంట కదక్కా, పక్కనే జర్మనీ అంట, అక్కడ్నించి తెచ్చుకుంటే పట్టుకుంటారా అని. నేను 2013 నుంచి అక్కడే ఉంటున్నా, తెలిసినకాడికి ఒకచోట రాసి పెడితే తలా ఒకసారి చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నా.

ముందు దూరం సంగతి. బాజెల్ మూడు దేశాలు కలిసే చోట ఉంది, ఒకపక్క జర్మనీ, ఇంకోపక్క ఫ్రాన్సు. ఊరి మధ్యలో 8వ నంబరు ట్రామ్ ఎక్కితే దిగేది జర్మనీలో వైల్ అమ్ రైన్ అనే ఊళ్లో, 2014 డిసెంబరు నుంచి ఆ లైను అక్కడిదాకా పోతుంది, 3వ నంబరు ఎక్కితే ఫ్రాన్సులో సాన్ లూయి, అది 2017 డిసెంబరులో వేశారు. మనకి పెన్న బ్రిడ్జి దాటి కోవూరు పోయొచ్చినంత పని. దారిలో పాస్‌పోర్టు అడిగేవాళ్లు కూడా పెద్దగా ఉండరు, సరిగ్గా అక్కడే మనవాళ్లు పొరబడతారు. స్విట్జర్లాండు షెంగెన్‌లో (బార్డర్ల దగ్గర పాస్‌పోర్టు తనిఖీ ఎత్తేసుకున్న యూరప్ దేశాల జట్టు) ఉంది గాబట్టి మనిషిని ఆపరు, కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు, వాళ్ల కస్టమ్స్ వేరే, గాబట్టి సంచిని ఆపొచ్చు. తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టు గుర్తుందిగా, జీఎస్టీ రాకముందు, మద్రాసు బస్సులో మనం కిటికీకి తల ఆనించి నిద్రపోతానే దాటేసేవాళ్లం, లారీలు మాత్రం బారులు తీరి ఉండేవి. ఇక్కడ మనం బస్సులో మనిషి లెక్క, చేతిలో సంచి లారీ లెక్క.

నాకు ఆ సంగతి 2016లో తెలిసొచ్చింది. ఉగాదికి నాలుగు కుటుంబాల్ని భోజనానికి పిలిచా, ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి అట్టే ట్రామ్ ఎక్కి ఒక్కదాన్నే వైల్ పోయి, ఫ్రోజెన్ చికెన్ కాళ్లు నాలుగు కిలోలు కొన్నా, రేటు చూస్తే మా ఇంటి కింద షాపులో రేటుకి సగం కూడా లేదు. తిరిగొచ్చేటప్పుడు బార్డర్ దాటగానే యూనిఫారంలో ఇద్దరు ట్రామ్ ఎక్కారు. డిక్లేర్ చేసేది ఏమన్నా ఉందా అని మర్యాదగానే అడిగారు. నేను లేదు అన్నా. సంచి తెరవమన్నారు, చికెన్ ప్యాకెట్లు మంచు కారతా పైనే ఉండాయి. మనిషికి కిలో ఫ్రీ, మిగిలిన మూడు కిలోలకి కిలోకి 17 ఫ్రాంకుల లెక్కన 51 ఫ్రాంకులు డ్యూటీ, దానిమీద లేదని చెప్పినందుకు జరిమానా. ఆ సాయంత్రం మా ఆయన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని పోయుంటే నాలుగు తలలకి నాలుగు కిలోలు, ఒక్క రూపాయి కట్టే పని లేదు. పోనీ ఒక్కదాన్నే పోయినా, ఉంది అని నోటితో చెప్పుంటే 51తో పోయేది. ఆ జరిమానా కాగితం ఇప్పటికీ వంటగదిలో మసాలా డబ్బాల అలమారలో అతికించి ఉంది, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తా.

అందుకని ముందు కొలతల సంగతి బాగా ఎక్కించుకోండి. ఇది డబ్బుతో సంబంధం లేని లెక్క, మనిషికి రోజుకి ఇంత అని. మాంసం కిలో, అందులో చికెన్, మటన్, సాసేజీలు, హ్యామ్ అన్నీ కలిపే, ఎముకతో ఉంటే ఎముకతోనే బరువు. దాటితే పది కిలోల దాకా కిలోకి 17 ఫ్రాంకులు, ఆపైన 23. వెన్న, మీగడ కలిపి కిలో. నూనె ఐదు కిలోలు. పిల్లలకి కూడా ఇవన్నీ వర్తిస్తాయి, చంకలో పిల్లోడున్నా ఒక తలే. చేపలు మాత్రం మాంసం లెక్కలోకి రావు! మన నెల్లూరోళ్లకి ఇంతకన్నా ఏం కావాల, పులుసుకి ఎన్ని కిలోలన్నా తెచ్చుకోండి. పాలు, పెరుగు, చీజు, గుడ్లు, బియ్యం, కూరగాయలు వీటికీ కొలత లేదు.

వెన్న గురించి ఒక మాట. జర్మనీలో ఉప్పు లేని వెన్న పావుకిలో ప్యాకెట్లుగా వస్తుంది, నాలుగు ప్యాకెట్లు కొంటే మీ కిలో సరిపోయింది, ఇంటికొచ్చి సన్న సెగ మీద కాచి తమలపాకో మునగాకో వేసి దించితే ఎనిమిది వందల గ్రాముల దాకా నెయ్యి. తమలపాకు దొరక్కపోతే నాలుగు మెంతులు వెయ్యండి చాలు. ఇక్కడ్నించి నెయ్యి మోసుకుపోయే పనే లేదు, మోసుకుపోకూడదు కూడా, అది కింద చెప్తా.

రెండో లెక్క డబ్బుది. 2025 జనవరి 1 నుంచి మనిషికి రోజుకి 150 ఫ్రాంకులు, అంతకుముందు 300 ఉండేది, పాత వీడియోలు చూసి 300 అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉండారు. 150 దాటితే పైన ఉన్న దానికే కాదు, మొత్తానికీ స్విస్ వ్యాట్ కట్టాల. కానీ భయపడేంత కాదు, తిండి సరుకులకి 2.6 శాతం, మిగతా చాలావాటికి, వైను, బీరుతో సహా, 8.1 శాతం. 160 ఫ్రాంకుల కిరాణాకి కట్టేది నాలుగు ఫ్రాంకుల చిల్లర. బిల్లులో జర్మనీ వ్యాట్ విడిగా ఉంటే అది తీసేసిన ధరే లెక్క, అందుకే బిల్లు పారేయొద్దు. ఫోన్లో క్విక్‌జోల్ అని వాళ్ల కస్టమ్స్ యాపే ఉంది, బార్డర్‌కి రాకముందే సరుకు కొట్టి, ఏ రెండు గంటల్లో దాటతామో చెప్పి, కార్డుతో కట్టేస్తే అయిపోయె, ఎవరితోనూ మాట్లాడే పని లేదు. కట్టిన రోజు సంచి పట్టుకుని ట్రామ్‌లో కూర్చుంటే ఎంత నిమ్మళంగా ఉంటుందో ఒకసారి కట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంక వైను. ఇది అబ్బాయి వాళ్లమ్మ లోపలికి పోయినాక డాబా మీద గొంతు తగ్గించి అడిగాడు, అందులో దాచేదేం లేదు నాయనా, అక్కడ మేనేజరు ఇంటికి భోజనానికి పిలిస్తే చేతిలో సీసా పట్టుకుపోవడం మనం పండ్లు పట్టుకుపోయినట్టే. 18 శాతం లోపు ఆల్కహాలు ఉన్నవన్నీ కలిపి మనిషికి ఐదు లీటర్లు, 17 ఏళ్లు నిండినవాళ్లకే, పిల్లల తలలు ఇక్కడ లెక్కలోకి రావు. సీసా ముప్పావు లీటరు గాబట్టి ఆరు సీసాలు నాలుగున్నర లీటర్లు, ఏడోది పెడితే ఐదుంపావు అయి దాటిపోద్ది. ఆరుతో ఆపేసి మిగిలిన అర లీటరుకి ఒక బీరు సీసా పెట్టుకోవచ్చు, బీరు కూడా ఇదే ఐదులోకి వస్తుంది మరి. అర లీటరువి 20 సీసాలుండే బీరు క్రేటు పది లీటర్లు, ఒక్కరే తెస్తే ఐదు లీటర్లు పైన పడ్డట్టు, లీటరుకి 2 ఫ్రాంకులు. విస్కీ, బ్రాందీ లాంటివి వేరే లెక్క, లీటరే ఫ్రీ, దాటితే లీటరుకి 15 ఫ్రాంకులు, ఇక్కడ మాత్రం జాగ్రత్త. పోర్ట్ వైను పేరుకి వైనే గానీ సాధారణంగా 20 శాతం దగ్గర ఉంటుంది, అది విస్కీ పక్కన పడుతుంది, లేబుల్ చూసుకోవాల.

మంచిది కావాలంటే సాన్ లూయి వైపు పోండి, అల్జాస్ ద్రాక్ష తోటలు అక్కడికి దగ్గరే, సెప్టెంబరులో ఫ్రెంచి సూపర్‌మార్కెట్లు వైను మేళాలు పెడతాయి, రేట్లు అప్పుడు దిగుతాయి. గెవుర్త్స్‌ట్రామినర్ అని ఒక తెల్ల వైను ఉంది, గులాబీ వాసన, కాస్త తీపి, మన కారం రొయ్యల వేపుడుకి అంత బాగా కుదిరేది నాకు ఇంకోటి దొరకలేదు. జర్మనీ వైపైతే గూట్‌ఎడెల్ చూడండి, స్విస్ వాళ్లు షాస్‌లా అని ఎక్కువ ధరకి అమ్మేదీ ఆ ద్రాక్షతో చేసిందే.

జర్మనీ వ్యాట్ వెనక్కి వస్తుందిగా అక్కా అని కావలి వాళ్లు అడిగారు. వస్తుంది, బిల్లు 50 యూరోలు దాటాల, స్విస్ పర్మిట్ కార్డు (అక్కడ కాపురం ఉండేదానికి ఇచ్చేది) ఉండాల, షాపులో ఇచ్చే కాగితం మీద జర్మన్ కస్టమ్స్ ముద్ర వేయించుకుని మళ్లీ ఆ షాపుకే తెచ్చివ్వాల. తిండికి అక్కడ వ్యాట్ 7 శాతమే, 60 యూరోల కూరగాయలకి నాలుగు యూరోలు కూడా రావు, దానికోసం శనివారం ఆ లైన్లో నిలబడటం నాకైతే దండగ అనిపిస్తుంది. కుక్కరు, దుప్పట్లు లాంటి 19 శాతం సరుకులకి నిలబడండి. అసలు శనివారమే వద్దు, వారం మధ్యలో సాయంత్రం పోండి, ఆదివారం అక్కడా షాపులు మూసేస్తారు, అక్టోబరు 3న జర్మనీకి సెలవు. వాడి పారేసే ప్లాస్టిక్ బాటిళ్లకి 25 సెంట్ల డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీవి దాచి మళ్లీ పోయినప్పుడు అక్కడి మిషన్లోనే వేయండి.

ఇంకోటి, మన పండగలకి ఒక్క కారులో పదిహేను కిలోల చికెన్ తెమ్మని ఒక్కరినే పంపుతారు చూడండి, దయచేసి ఆ పని చెయ్యొద్దు. లెక్క కారులో ఉన్న తలలకే, ఇంట్లో కూర్చున్నవాళ్లకి కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు మొహమాటానికి సరేనంటారు, కాగితం వాళ్ల పేరు మీద పడుతుంది, అది చూసి నాకు చాలా బాధేసిన రోజులు ఉండాయి.

ఇదంతా జర్మనీ, ఫ్రాన్సు నుంచి తెచ్చుకునే సంగతి. నెల్లూరు నుంచి పోయేటప్పుడు రూలు ఇంకా గట్టి. మాంసం, పాలు, పాలతో చేసినవి ఏవీ పనికిరావు, అంటే నెయ్యి, కోవా, మలైకాజా కూడా. చికెన్ పచ్చడి వద్దు, రొయ్యల పచ్చడి, ఎండు నెత్తళ్లు పర్లేదు, చేపా రొయ్యా సొంత వాడకానికి 20 కిలోల దాకా ఒప్పుకుంటారు. పచ్చి కరివేపాకు, ఉలవపాడు మామిడికాయలు తెగుళ్లు లేవనే సర్టిఫికెట్ లేకుండా కుదరవు, కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, అనాస, డ్యూరియన్ ఈ ఐదింటికే మినహాయింపు. గోంగూర పచ్చడి, ఆవకాయ, కారప్పొళ్లు నిక్షేపంగా పెట్టుకోండి, మూత చుట్టూ టేపు వేసి.

ఇది చదివి వినిపిస్తే పెద్దమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సూట్‌కేసు ముందు కూర్చుని బట్టల మధ్యలోంచి రెండు నెయ్యి సీసాలు, మలైకాజా డబ్బా బయటికి తీసి, ఖాళీ అయిన చోట ఎండు రొయ్యల పొట్లం ఇంకోటి దోపింది. వెన్న ప్యాకెట్లు ఎన్ని అన్నావమ్మా అని అడిగి, నాలుగు అంటే, పిల్లోడి చేత కాగితం మీద రాయించింది.