అగ్నిపర్వతాన్ని చూడకుండానే దాని రాళ్ల మీద పీహెచ్‌డీ ఎలా చేస్తారు?

పెళ్లిచూపుల్లో మా మామగారు నన్నడిగిన ప్రశ్నే ఇది. అప్పుడు నీళ్లు నమిలాను. ఇప్పుడు చెప్తా.

నిజమే, నేను అగ్నిపర్వతం చూడలేదు. మన దేశంలో ఇంకా నిప్పు కక్కేది అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే. అక్కడికి పోయే యోగం లేదు, పెద్దగా కోరికా లేదు. మాది నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు. 1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే, అందుకే ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా చేన్లో నాగలికి తగిలే నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. నేల పగుళ్లలోంచి పొంగి, పొర మీద పొరగా పారి గడ్డకట్టింది. పత్తి పండే రేగడి కూడా ఆ రాయి చివికి అయిన మట్టే. ఇంకెక్కడికో పోయి చూసేదేముంది?

పీహెచ్‌డీలో నా పని ఆ పొరల్ని విడదీయడం. కంటికి అన్నీ ఒకే నలుపు. అందుకే రాయిని పిండి చేసి టైటానియం ఎంత, స్ట్రాన్షియం ఎంత, నియోబియం ఎంత అని చూస్తాం, పొరను బట్టి ఈ లెక్కలు మారతాయి కాబట్టి. సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్ని, నమ్ముకుంటే లాభం లేదు, ఏ పొరలోనైనా చాలావరకు 48-50 శాతం దగ్గరే తిరుగుతుంటుంది.

మూడో ఏడాది ఒక గుట్ట దగ్గర ఇరుక్కుపోయాను. గుట్టంతా ఒకే పొర అని నోట్‌బుక్‌లో రాసుకున్నా. రిపోర్టు చూస్తే కింద వాగులో కొట్టిన రాయిలో టైటానియం ఆక్సైడ్ 3 శాతం దాటింది, పైన కొట్టినదాంట్లో 2 దగ్గరే ఆగింది. ల్యాబ్ వాళ్లదే తప్పని తేల్చేసి మళ్లీ పంపా. మళ్లీ అదే. ఫోన్లో గొడవ పెట్టుకున్నా. మా గైడ్ ఏమో "లెక్క కుదిరేదాకా రాయొద్దు" అన్నారు, కుదర్చడం నా చేతుల్లో ఉన్నట్టు.

ఆ ఎండాకాలం అదే గుట్ట వాలులో ఒక చేన్లో బావి లోతు తీస్తున్నారు. బతిమాలి క్రేన్ తొట్టిలో దిగా. పది గజాల కింద, బావి చుట్టూ, జానెడు మందాన ఎర్ర పట్టీ! దాని పైన గట్టి నల్లరాయి, కింద గాలిబుడగల బొక్కలున్న రాయి. పిడికెడు మట్టి పట్టుకుని పైకొచ్చి తిప్పి తిప్పి చూస్తుంటే చేను గల్ల పెద్దమ్మకు నవ్వొచ్చింది.

"గంత జూస్తున్నవేంది బిడ్డా, గది జాజు గదా! పండుగకు గడపలకు పూస్తం. మా అత్త జమానా నుంచి ఆ వాగుల కెల్లే తెచ్చుకుంటున్నం."

ఆ వాగు నేను పదిసార్లు దాటి ఉంటా. తీసుకెళ్లి చూపించింది. తుప్ప వెనక, ఆడవాళ్లు తరాలుగా తవ్వి తవ్వి చేసిన గుంత. ఒక లావా చల్లారి, దాని మీద మట్టి పట్టేంత కాలం గడిచాక, పైనుంచి ఇంకో లావా వచ్చి ఆ మట్టిని కాల్చేసిందన్నమాట. అంటే ఆ గుట్టలో ఉన్నవి రెండు పొరలు. ల్యాబ్ లెక్క రెండుసార్లూ సరైనదే. ఆ టెక్నీషియన్‌కు సారీ చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అన్ని ల్యాబ్‌లూ అంత మంచివని కాదు. ఇంకోచోట టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నెలో రాయి పొడి చేసి, కోబాల్ట్ బాగా ఉందని రిపోర్టిచ్చారు. ఆ కోబాల్ట్ గిన్నెది! పసుపు దంచిన రోట్లో బియ్యం దంచి, పిండి పచ్చగా ఉందన్నట్టు. ఒక ఏడాది పని గంగలో కలిసింది.

నన్నడిగితే ఈ చదువులో ముప్పాతిక పాలు కాళ్ల పని. ఇప్పటి పిల్లలకు యంత్రం ముందు కూర్చోవడమే పరిశోధన. సుత్తి పట్టుకుని తిరిగితే గుప్తనిధుల వాడనుకుంటారు, నిజమే, నన్నూ ఒక ఊళ్లో సర్పంచ్ ఇంట్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. అయినా తిరగాలి.

రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలో కూడా ఇదే నల్లరాయి ఉంది. దాని రసాయనం పడమటి కనుమల్లో మహాబలేశ్వరం వైపు పొరలతో కలుస్తుంది. ఆనాటి నదీలోయలు పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని 2008లో కొందరు గట్టిగా వాదించారు. నాకైతే అనుమానమే లేదు. మా పెన్‌గంగ నీళ్లు వార్ధాలో, ప్రాణహితలో, గోదావరిలో కలిసి రాజమండ్రి చేరట్లేదా? లావాకేం రోగం?

మీ వైపు బావి తవ్వుతుంటే ఎర్ర పట్టీ కనిపిస్తే ఫోటో తీసి పంపండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టండి, లేకపోతే అది బెత్తెడో బారెడో తెలియదు. మొన్నొకాయన సెల్ఫీ పంపాడు. ఆయన చెవి వెనక ఇంత రాయి కనిపించింది.