టైప్ వన్ షుగర్ ఉన్న పిల్లలకు డైట్ డ్రింకులు ఇవ్వొచ్చా?

మీ బాబుకు ఎనిమిదేళ్లనీ, టైప్ వన్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక, బయటినుంచి వేయాల్సిన షుగర్ జబ్బు) అని తేలినప్పటినుంచి డైట్ కోలా అడుగుతున్నాడనీ రాశారు. ఇంట్లో ఒకరు "పంచదార లేదుగా, ఎంతైనా తాగనీ" అంటే, ఇంకొకరు "అది క్యాన్సర్ తెచ్చిపెడుతుంది" అంటున్నారట. మా అమ్మాయికి టైప్ వన్ వచ్చి చాలా ఏళ్లైంది. ఈ రెండు మాటలూ మేమూ విన్నాం. మా పద్ధతి ముందే చెప్పేస్తాను: ఇస్తాం, కానీ ఎప్పుడో ఒకసారి, నలుగురు పిల్లలు కలిసినప్పుడు. ఇంట్లో దాహమేస్తే నీళ్లే.

షుగర్ లెక్క సులువండి. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల పంచదార ఉంటుంది. అది రక్తంలోకి చేరేంత వేగంగా మనం వేసే ఇన్సులిన్ పని మొదలుపెట్టదు. డైట్ డబ్బాలో కార్బ్స్ (షుగర్‌ను పెంచే పిండి, పంచదార పదార్థాలు) లేనట్టే, కాబట్టి దానికి ఇన్సులిన్ వేయక్కర్లేదు. అందులో తీపి ఆస్పర్టేమ్, ఎసిసల్ఫేమ్-కె లాంటి వాటిది. పంచదారకంటే సుమారు రెండు వందల రెట్లు తియ్యగా ఉంటాయి కనుక డబ్బాకు కొన్ని వందల మిల్లీగ్రాములే సరిపోతాయి. మా పాపకు షుగర్‌ను ఎప్పటికప్పుడు గీతలా చూపించే సెన్సర్ ఒంటికి పెట్టించాక గమనించాం: డైట్ డ్రింక్ ఒక్కటే తాగితే ఆ గీత కదల్లేదు. పక్కనే తిన్న చిప్స్‌కు మాత్రం చక్కగా పైకెక్కింది. నింద మాత్రం డ్రింకు మీదే పడింది!

ఇక క్యాన్సర్ సంగతి. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ను 2బి వర్గంలో పెట్టింది. అంటే "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు, కానీ ఆధారాలు పరిమితం" అని. అదే సమయంలో ఆహార సంకలనాలను చూసే నిపుణుల కమిటీ, రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితినే ఉంచింది. డబ్బాకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు వేసుకుంటే, 25 కిలోల పిల్లాడు ఆ గీత దాటాలంటే రోజూ మూడు డబ్బాలకు పైగా తాగాలి. మనం ఎలాగూ అంత ఇవ్వం. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వచ్చిన "బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాలు వాడొద్దు" అనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు పంపే ఉంటారు. ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదని అందులోనే ఉంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బున్న పిల్లలు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టకూడదు.

నన్ను నిజంగా భయపెట్టేది ఇవేవీ కాదు. పిల్లకు లో అయినప్పుడు, అంటే షుగర్ బాగా పడిపోయినప్పుడు, ఎవరైనా డైట్ డ్రింక్ చేతికివ్వడం. మంచి మనసుతోనే ఇస్తారు. "షుగర్ ఉన్న పిల్ల కదా, పంచదార లేనిదే ఇవ్వాలి" అనుకుంటారు. షుగర్ 70 కన్నా దిగువకు పడిపోయినప్పుడు డైట్ డ్రింక్ పట్టిస్తే నీళ్లు పట్టించినట్టే, అంకె పైకి రాదు. అప్పుడు కావలసింది పంచదార ఉన్న మామూలు డ్రింకు, లేదా గ్లూకోజు. మామూలు కోలా 150 మిల్లీలీటర్లలో 15 గ్రాముల దాకా వస్తుంది. చిన్నపిల్లలకు అంత అక్కర్లేదు, కిలోకు 0.3 గ్రాముల చొప్పున లెక్క. మీ బాబుకు ఎంతో డాక్టరుతో రాయించుకోండి. తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. గ్లూకగాన్ (షుగర్‌ను పైకి తెచ్చే మందు) వేసి, అంబులెన్సుకు ఫోన్ చేయాలి.

అందుకే పాపను ఎవరింటికి పంపినా ఒకే మాట చెబుతాను: "మామూలుగా ఉంటే డైటే ఇవ్వండి. చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, తిక్కతిక్కగా మాట్లాడితే పంచదార ఉన్నది ఇచ్చి, తర్వాత నాకు ఫోన్ చేయండి." ఈ రెండో ముక్క వినగానే చాలామంది తెల్లబోతారు. మళ్లీ ఒకసారి చెప్పాల్సిందే.

తేడా పిల్లకు తెలియాలని ఒకరోజు బకెట్ నిండా నీళ్లు పోసి రెండు డబ్బాలూ వేశాం. డైట్‌ది తేలింది, మామూలుది అడుక్కి వెళ్లింది. "ఆ మునిగినదాంట్లో ఉన్న బరువుకే నీకు ఇన్సులిన్ వేసేది" అన్నాను. అప్పటినుంచి డబ్బా మీద రాసింది తనే చదువుతోంది. గ్లాసులో పోసి ఇచ్చేచోట మాత్రం నేను ముందు ఒక గుక్క తాగి చూస్తాను. అనుమానముంటే ఒక చుక్క వేళ్ల మధ్య రాసి ఆరనివ్వండి, పంచదార ఉంటే జిగురుగా అంటుకుంటుంది. అన్నట్టు, ఆ చేత్తోనే వేలు గుచ్చి టెస్ట్ చేస్తే లేని హై (ఎక్కువ షుగర్) కనిపిస్తుంది. చేయి కడిగించాకే స్ట్రిప్ తీయండి.

ఇంకొకటి. ఉన్నట్టుండి మీ వాడు మాటిమాటికీ డ్రింక్ అడుగుతుంటే, ఇవ్వాలా వద్దా అని వాదించుకునే ముందు మీటర్ తీయండి. షుగర్ సుమారు 180 దాటితే అది మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, దానితోపాటు నీళ్లూ పోతాయి, దాహం పుడుతుంది. హై దిగకుండా ఉంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) కూడా చూడాలి.

రోజూ ఎందుకు వద్దంటే, డైట్ అయినా అందులో ఆమ్లం ఆమ్లమే, పళ్ల ఎనామెల్‌ను తినేస్తుంది. కోలాల్లో కెఫీన్ ఉంటుంది, సాయంత్రం తాగితే నిద్ర పట్టదు. చివరగా, "పంచదార కలపలేదు" అని రాసిన పండ్ల రసాన్ని డైట్ డ్రింకుతో కలిపి చూడకండి. అందులో పండు పంచదారే 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాములు ఉంటుంది. పెద్ద అక్షరాలు వదిలేసి, వెనకవైపు కార్బోహైడ్రేట్ల వరస చూసుకుని ఇన్సులిన్ వేయండి.