ఇస్లాంకి, హింసకి నిజంగా సంబంధం ఉందా?

ఈ ప్రశ్న అడిగితే చాలు, ఉందని ఒక గుంపు, శాంతి మతమని ఇంకో గుంపు కొట్టుకుంటాయి. నాకు రెండూ సగం జవాబులే. కొన్నేళ్లు ఒక ముస్లిం మిత్రుడితో ఒకే గదిలో ఉన్నాను. వాట్సాప్‌లో వచ్చిన ఆయతు (ఖురాన్ వాక్యం) ముక్క ఏదైనా చూపించి అడిగితే "ముందూ వెనకా చదివి రా, అప్పుడు మాట్లాడుకుందాం" అనేవాడు. అతని పోరు పడలేక ఖురాన్ తెలుగు అనువాదం మొత్తం చదివాను.

అందరూ ఎత్తిచూపేది తొమ్మిదో సూరాలో (అధ్యాయంలో) ఐదో ఆయతు. నిషిద్ధ మాసాలు గడిచాక బహుదైవారాధకులను ఎక్కడ దొరికితే అక్కడ చంపమని అందులో ఉంది, దాచడానికేం లేదు. అయితే ఒప్పందం తప్పనివాళ్లతో గడువుదాకా మాట నిలబెట్టుకోమని దాని ముందు ఆయతులో ఉంది, ఎవరైనా శరణు కోరితే ఇచ్చి క్షేమమైన చోటికి చేర్చమని దాని తర్వాతి ఆయతులో ఉంది. ఫార్వర్డుల్లో ఐదొక్కటే తిరుగుతుంది, నాలుగూ ఆరూ ఎప్పుడూ రావు! అలాగని అంతా సందర్భం మీదకి నెట్టేయడమూ కుదరదు, ఎందుకంటే ఆ ఆయతు అంతకుముందు వచ్చిన సహన వాక్యాలను రద్దు చేసిందని పాత కాలపు పండితుల్లో చాలామంది రాశారు.

చరిత్రా అంతే. 632లో ప్రవక్త చనిపోయాక వందేళ్లు తిరక్కుండానే సైన్యాలు స్పెయిన్ దాకా, సింధు దాకా వెళ్లాయి. అది యుద్ధమే, ఇంకో పేరెందుకు? కానీ 640ల్లోనే చేజిక్కిన ఈజిప్టులో క్రైస్తవులు మైనారిటీ కావడానికి వందల ఏళ్లు పట్టింది. మెడ మీద కత్తి కంటే ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను, కొలువులు, హోదా చేసిన పనే అక్కడ ఎక్కువ.

నాకు అసలు విషయం అనిపించేది వేరే ఉంది. ప్రవక్త తర్వాత పాలించిన మొదటి నలుగురు ఖలీఫాల్లో ముగ్గురు హత్యకు గురయ్యారు. 661లో నాలుగో ఖలీఫా అలీని చంపినవాడు ఖవారిజ్ వర్గం మనిషి. తనతో పోరాడిన ముస్లిం ప్రత్యర్థితో తగువులో అలీ మధ్యవర్తుల తీర్పుకి ఒప్పుకున్నాడు కాబట్టి అతను మతం తప్పాడని ఆ వర్గం తేల్చేసింది. మాతో ఏకీభవించని ముస్లిం ముస్లిమే కాదు, అతన్ని చంపినా పాపం లేదు, ఇదీ వాళ్ల లెక్క. దీన్నే తక్ఫీర్ అంటారు. 2014లో ఐసిస్ అనే సున్నీ ఉగ్రవాద సంస్థ ఇరాక్‌లో షియా ముస్లింలను చంపింది ఈ లెక్కతోనే. (యజీదీలనే వేరే మతంవాళ్లను ఇంకో సాకుతో చంపారు, బానిసలుగా అమ్మారు.) ఆ సెప్టెంబరులో 120 మందికి పైగా ముస్లిం పండితులు ఐసిస్ నాయకుడు బాగ్దాదీకి బహిరంగ లేఖ రాసి అతని వాదనలను ఒక్కొక్కటిగా ఖండించారు. "మీవాళ్లు ఎందుకు ఖండించరు?" అని ఎవరైనా అడిగితే మా మిత్రుడికి ఒళ్లు మండేది. చచ్చేవాళ్లలో ఎక్కువమంది మేమే అయితే సంజాయిషీ కూడా మేమే ఇవ్వాలా అనేవాడు.

ఇక పాకిస్తాన్‌లోని పెషావర్ సంగతి చూడండి. 2014 డిసెంబరులో పాకిస్తానీ తాలిబన్లు అక్కడ ఆర్మీ స్కూల్లో 130 మందికి పైగా పిల్లల్ని కాల్చి చంపారు. అదే ఊళ్లో 1930 ఏప్రిల్‌లో సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులైన పఠాన్లు బ్రిటిష్ తుపాకుల ముందు ఎదురుదాడి చేయకుండా నిలబడి ప్రాణాలిచ్చారు. ఆ అహింసకి ఆయన ఆధారంగా చూపించింది మక్కాలో ప్రవక్త పాటించిన ఓర్పునే.