పెళ్ళి వీడియోల పనికి ఏ ప్రాసెసర్?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళి ఆల్బమ్‌ల డిజైన్, వీడియో ఎడిటింగ్ నేనే చేసుకుంటాను. పాత కంప్యూటర్ మూలన పడింది కాబట్టి ఈసారి విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకోవాలని ఉంది. ఇంటెల్ ఐ9 కొంటే పదేళ్ళు చూసుకోనక్కర్లేదని మా బావగారు అంటున్నారు. దుకాణంలో ఐ5 12400ఎఫ్ చాలని, ఎఫ్ లేనిదానికంటే అది చవకని చెబుతున్నారు. ఏఎండీ వారి రైజెన్ మేలని ఇంకొకరి మాట. నాకు ఆటలు ఆడే అలవాటు లేదు. ఏది కొనమంటారు?

జవాబు: మీ కెమెరా వీడియోను ఏ పద్ధతిలో రికార్డు చేస్తుందో మీరు రాయలేదు. ఆ ఒక్క సంగతి తెలిస్తే ప్రాసెసర్ ఎంపిక సగం తేలిపోతుంది కనుక, ముందు కెమెరా మెనూ తెరిచి చూడండి. ఈ మధ్య వస్తున్న కెమెరాల్లో చాలావాటికి వీడియోను బాగా కుదించి దాచే హెచ్‌ఈవీసీ పద్ధతిలో, రంగుల వివరం ఎక్కువగా నిలిపే 10 బిట్ 4:2:2తో రికార్డు చేసే వీలుంది. తలంబ్రాల పసుపు, పట్టుచీర జరీ మీద పడే మెరుపు తర్వాత సరిదిద్దుకోవడానికి ఆ పద్ధతి ఎంతో అనుకూలం. అయితే ఆ ఫైలును విప్పి చూపడం ప్రాసెసర్‌కు బరువైన పని. ఇంటెల్ పదకొండో తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ విభాగంలో, క్విక్ సింక్ అనే భాగం ఈ రకం ఫైళ్ళను తానే విప్పుతుంది. రైజెన్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్‌కు 4:2:2 హెచ్‌ఈవీసీని విప్పే శక్తి లేదు.

దుకాణంవారి సలహాలో చిక్కు ఇక్కడే ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ పనిచేయదని అర్థం. దానితోపాటే క్విక్ సింక్ కూడా పోతుంది. పైగా విడిగా గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు. ఆటలవారికి అది లాభసాటి బేరం కావచ్చు గానీ, మీకు మాత్రం కాదు.

మీ కెమెరా 4:2:2లో తీస్తుంటే ఎఫ్ లేని ఐ5 12400 తీసుకోండి. 6 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు) ఉన్న ఈ 12వ తరం ప్రాసెసర్ పాత రకం డీడీఆర్4 ర్యామ్ మదర్‌బోర్డుల మీదా, కొత్త రకం డీడీఆర్5 బోర్డుల మీదా పనిచేస్తుంది. ఒకే పెళ్ళిని రెండు మూడు కెమెరాలతో తీసి పక్కపక్కన పెట్టి కత్తిరించే అలవాటు ఉంటే ఐ5 12500 గానీ 13500 గానీ చూడండి. 12400లోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో వీడియోను విప్పే ఇంజన్ ఒకటే ఉంటే, వీటిలోని యూహెచ్‌డీ 770లో రెండున్నాయి. ఏది కొన్నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ (ఫైలు విప్పే పనిని ఆ గ్రాఫిక్స్ భాగానికి అప్పగించడం) ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవడం మరవవద్దు.

మీది మామూలు 8 బిట్ 4:2:0 వీడియో అయితే నా ఓటు రైజెన్ 5 7600కే. ఇందులోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్నాయి. తెరకు సరిపడే గ్రాఫిక్స్ ఉంది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ పెట్టెలోనే వస్తుంది. ఇది కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, దానికి కనీసం 2027 వరకు కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ ప్రకటించింది. 12400 కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ పద్నాలుగో తరంతో ఆగిపోయింది. నాలుగేళ్ళ తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారికి ఇది చిన్న తేడా కాదు.

ఇక బావగారి ఐ9 సంగతి. ఐ9 14900కేలో 24 కోర్లు ఉన్న మాట నిజమే గానీ, ఫొటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల వేగం మీదే నడుస్తాయి. మీ 12x36 అంగుళాల ఆల్బమ్ షీటునే తీసుకోండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద అది 10,800 x 3,600 పిక్సెళ్ళు, అంటే 3 కోట్ల 88 లక్షల పైచిలుకు. రంగుకు ఒక బైటు చొప్పున మూడు రంగులకు లెక్కవేస్తే షీటంతా నిండిన ఒక్క లేయరే 110 ఎంబీ దాటుతుంది. ఇరవై లేయర్లు, వెనక్కి వెళ్ళడానికి ఫొటోషాప్ దాచుకునే దశలు కలిస్తే ఎంతవుతుందో మీరే చూడండి. అక్కడ ఆదుకునేది ర్యామ్, కోర్లు కావు. ఐ9కు పెట్టే సొమ్ములో కొంత 32 జీబీ ర్యామ్‌కు, వేగమైన ఎస్‌ఎస్‌డీకి మళ్ళించండి. ఆ ప్రాసెసర్ గరిష్ఠంగా 253 వాట్లు తింటుంది, మూడు పాత సీలింగ్ ఫ్యాన్లకు మించిన కరెంటు. రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో ఆ వేడిని దించడానికి కూలర్ వేరే కొనాలి. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజీ ఎక్కువై చిప్ దెబ్బతినే లోపం 2024లో బయటపడింది. ఇంటెల్ సవరణ ఇచ్చి వారంటీని రెండేళ్ళు పెంచింది కూడా. 12వ తరానికి ఆ బెడద లేదు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ రెండు సాకెట్లలోనూ సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డుకే ఉంటాయి. మన ఉక్కపోతలో చేతులు చెమటపడతాయి కాబట్టి తుడుచుకుని, ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని, మూలనున్న చిన్న త్రికోణం గుర్తును సాకెట్ గుర్తుకు ఎదురుగా తెచ్చి, నొక్కకుండా వదలండి. తర్వాత లీవర్ గట్టిగానే దిగుతుంది, కంగారు పడవద్దు. అప్పుడు ఊడివచ్చే నల్లని ప్లాస్టిక్ మూతను దాచిపెట్టండి. బోర్డును వారంటీకి పంపాల్సి వస్తే అది అడుగుతారు.

ప్రశ్న: అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో ఉన్న నాలుగో తరం ఐ5 తీసేసి, అదే బోర్డులో కొత్త ప్రాసెసర్ పెట్టుకోవచ్చా?

జవాబు: కుదరదు. ఆ బోర్డు సాకెట్ నాలుగు, ఐదు తరాలకే పరిమితం, దాని డీడీఆర్3 ర్యామ్ కూడా కొత్త బోర్డులకు పట్టదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. కాబట్టి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపే కొనాలి. మానిటర్, కీబోర్డు, సాటా ఎస్‌ఎస్‌డీ ఉంటే నిస్సందేహంగా వాడుకోవచ్చు. పవర్ సప్లై మాత్రం విప్పించి చూపించండి. కోనసీమ తేమకు లోపల తుప్పు పట్టి ఉంటే కొత్త బోర్డును దానికి తగిలించవద్దు.