మా గుమ్మడికి హార్నెస్ ఎలా అలవాటైందంటే

మీరు అడిగింది ఇదీ: ఉండేది శ్రీకాకుళంలో, మీ సన్ కన్యూర్ చిలుకకి ఎనిమిది నెలలు. ఆన్‌లైన్లో హార్నెస్ (బయట తిప్పేటప్పుడు ఎగిరిపోకుండా పిట్ట ఒంటికి తొడిగే తాడున్న పట్టీ) తెప్పించి తొడగబోతే అరిచి గీపెట్టి, రక్తం వచ్చేలా మీ బొటనవేలు కొరికింది. మర్నాటి నుంచి మీ చెయ్యి కనబడితే చాలు, పంజరం మూలకి పోతోంది. కళింగపట్నం బీచ్‌కి దాన్ని తీసుకెళ్దామని మీ పిల్లలు గోల పెడుతున్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు ఆ హార్నెస్ తీసి బీరువాలో పెట్టెయ్యండి. పది రోజుల పాటు దాని ఊసెత్తకండి. నేను కూడా మీరు చేసిన తప్పే చేశాను, పైగా మీకంటే మొండిగా చేశాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

మాది విజయనగరం, అయ్యకోనేరు గట్టు దగ్గర ఇల్లు. మా పిట్ట పేరు గుమ్మడి. వచ్చినప్పుడు ఒళ్ళంతా ఆకుపచ్చగా ఉండేది, పెద్దయ్యేకొద్దీ ముదురు గుమ్మడిపండు రంగులోకి తిరిగింది. హార్నెస్ వచ్చిన రోజే నేను ఒక వీడియో చూసి, దాన్ని తువ్వాల్లో చుట్టి, మా తమ్ముడు పట్టుకుంటే నేను తొడిగాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. తొడిగాక అది నేలమీద పక్కకి ఒరిగిపోయి, నోరు తెరిచి ఎగశ్వాస తీసింది. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. గబగబా కత్తెరతో పట్టీ కోసేశాను. ఎనిమిది వందల రూపాయల హార్నెస్ అక్కడికక్కడే పోయింది.

తర్వాత విశాఖలో పిట్టల్ని చూసే డాక్టరుగారు చెప్పాక కానీ జరిగిందేమిటో నాకు అర్థం కాలేదు. మనకి ఊపిరి తీసుకోవడానికి ఛాతీ కింద డయాఫ్రమ్ అనే పొర ఉంటుంది. పిట్టలకి అలాంటిది ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. మనం 'గట్టిగా ఏం పట్టుకోలేదే' అనుకుంటూనే రొమ్ము మీద గుప్పిలి బిగిస్తాం, దానికేమో ఊపిరి అందదు. భయం ఒకవైపు, ఊపిరాడకపోవడం ఇంకోవైపు. ఆ రెండూ కలిసి దాని బుర్రలో హార్నెస్ పేరుతో అచ్చయిపోయాయి. ఆ తర్వాత పదకొండు రోజులు గుమ్మడి నా వేలెక్కలేదు. మా అమ్మమ్మ భుజం మీదే కూర్చుని నాకేసి ఒంటికన్నుతో చూసేది. ఆ చూపు ఎలా ఉంటుందో మీకిప్పుడు నేను చెప్పక్కర్లేదు.

అమ్మమ్మకి మొదటి నుంచీ ఈ వ్యవహారం నచ్చలేదు. "ఒసే, దానికి ఇష్టం నేదని సెప్తంది కదే, మల్లీ మల్లీ ఎందుకు దాన్ని సంపుతావు?" అనేది. నేను "నీకు తెలీదులే" అని కొట్టిపారేసేదాన్ని. చివరికి దారి చూపించింది ఆవిడే, అదీ తనకి తెలియకుండానే.

దీపావళి సందడి తగ్గాక ఒక సాయంత్రం ఆవిడ పెరటి అరుగు మీద కూర్చుని, పిల్లలు ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ గాజు ఒక చేత్తో పట్టుకుని, దాని అవతల జామకాయ ముక్క చూపిస్తోంది. గుమ్మడి మెడ చాచి, గాజులోంచి తల దూర్చి, ముక్క అందుకుని, తల వెనక్కి తీసుకుని తినేస్తోంది. మళ్ళీ దూరుస్తోంది. ఎవరూ పట్టుకోవడం లేదు, ఎవరూ తోయడం లేదు. ఒకసారి ఆత్రం కొద్దీ ఒక రెక్క కూడా దూర్చేసి, వడ్డాణం పెట్టుకున్న పెళ్ళికూతురిలా నిలబడి చుట్టూ చూసింది. అమ్మమ్మ నవ్వి మెల్లగా గాజు వెనక్కి తీసింది.

హార్నెస్ తొడగడమంటే ఇంతకన్నా ఏముంది? ఒక లూప్‌లోంచి తల, తర్వాత రెక్కలు. తేడా ఒక్కటే, గాజులోకి తల పెట్టింది అది, తువ్వాల్లోకి తోసింది నేను.

అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఉగాది నాటికి గానీ గుమ్మడి హార్నెస్‌తో పెరట్లోకి రాలేదు. మీది చిన్న పిట్ట కనుక ఇంకా త్వరగా నేర్చుకోవచ్చు. కానీ ఫలానా తారీఖుకల్లా బీచ్‌కి వెళ్ళాలని మాత్రం పెట్టుకోకండి. మన తొందర చేతుల్లోకి వచ్చేస్తుంది, పిట్టలు దాన్ని ఇట్టే పసిగట్టేస్తాయి.

గాజుతో వారం ఆడాక, దాని చుట్టూ ఎర్ర నాడా చుట్టాను, కొత్త హార్నెస్ పట్టీ కూడా ఎర్రదే కాబట్టి. మొదటి రోజు గుమ్మడి నాడా చూసి ఈకలన్నీ ఒంటికి అంటించేసుకుని సన్నగా, పొడుగ్గా నిలబడింది. అలా ఉందంటే భయపడుతోందన్నమాట. మీది కూడా అలా సన్నబడినా, పక్కకి ఒరిగినా, కంటి మధ్య నల్లగుడ్డు చిన్నదీ పెద్దదీ అవుతూ టకటకా మారినా, ఆ పూటకి ఆపెయ్యండి. ఇంకొక్కసారి చేస్తే ఏమైందిలే అనుకున్న రోజే కొరుకుతుంది. ఒళ్ళు వదులుచేసి, ఈకలు ఉబ్బించి, ముక్కు నూరుకుంటూ ఉంటే మాత్రం సుఖంగా ఉన్నట్టు.

అసలు హార్నెస్‌ని నేను మొదట కిటికీ ఊచకి తగిలించాను, పంజరానికి రెండు గజాల దూరంలో. రోజుకి జానెడు చొప్పున దగ్గరికి జరుపుతూ వచ్చాను. అది దాన్ని పట్టించుకోకుండా తిండి తింటోందంటే ఇంకాస్త జరపొచ్చు. పక్కనే ఉన్నా ఫర్వాలేదు అన్న రోజు నుంచి, దాన్ని ముక్కుతో తాకితే ఒక గింజ. మా దగ్గర క్లిక్కర్ (సరిగ్గా చేసిన క్షణంలో నొక్కితే టిక్ మనే ట్రైనింగ్ పరికరం) లేదు. బాల్‌పెన్ను వెనక నొక్కితే వచ్చే టిక్ శబ్దమే వాడాను, అది ఏ షాపులో క్లిక్కర్‌కీ తీసిపోలేదు. తాకిన క్షణంలో టిక్, వెంటనే గింజ. టిక్ ఆలస్యమైతే అది దేనికి గింజ ఇచ్చామనుకుంటుందో మన చేతిలో ఉండదు. నేను ఒకసారి తల తిప్పాక నొక్కాను. పాపం, ఆ పూటంతా అటే చూస్తూ కూర్చుంది.

గింజంటే పొద్దుతిరుగుడు గింజ. గుమ్మడికి అది ప్రాణం. అందుకే రోజువారీ గిన్నెలోంచి తీసేసి, ట్రైనింగ్‌కి మాత్రమే వాడాను. అందులో నూనె ఎక్కువ కాబట్టి ఒక్కోటి సగం చేసి ఇచ్చేదాన్ని. మీ పిట్టకి ఏది ఇష్టమో మీరే కనిపెట్టుకోవాలి. పలాస జీడిపప్పు మీకు దగ్గరే కదా, ఉప్పు లేనిది గోటి ముక్కంత ఇచ్చి చూడండి. మిగతా తిండి మాత్రం తగ్గించొద్దు. ఆకలితో మాడ్చి నేర్పమని కొందరు చెబుతారు, వినకండి. వంద గ్రాములు దాటీ దాటని పిట్ట అది. నేను వంటింటి డిజిటల్ కాటా మీద వారానికి రెండుసార్లు తూచి గోడ క్యాలెండర్ మీద రాసేదాన్ని. 112 ఉండేది, ఒకసారి 105కి పడితే వెంటనే డాక్టరుకి ఫోన్ చేశాను. పిట్టలు జబ్బు బయటకి కనబడనివ్వవు, కాటా మాత్రం దాచదు.

కాస్త విసుగొచ్చే భాగం ఇక్కడ మొదలవుతుంది. రెండు చేతులతో పట్టీని గాజంత పెద్ద లూప్‌గా పట్టుకుని, అవతల గింజ చూపించాలి. ముందు ముక్కు, తర్వాత కళ్ళ దాకా, తర్వాత తల మొత్తం. తల దూరాక పట్టీ మెడ మీద ఒక్క క్షణం ఆనాలి, వెంటనే తీసెయ్యాలి. తియ్యడం కూడా నేర్పాల్సిన పనే. వెనక్కి లాగితే తల వెనక ఈకలు ఎదురు తిరిగి నొప్పి పెడతాయి. అందుకని లూప్ వెడల్పు చేసి, ఈకలు పడుకున్న దిశ చూసుకుంటూ మెల్లగా తప్పించాలి. గుమ్మడి తొడుగుతున్నప్పుడు కంటే తీస్తున్నప్పుడే ఎక్కువ కొరికింది. మూడు నిమిషాలు పొద్దున్న, మూడు నిమిషాలు సాయంత్రం, అంతకు మించి వద్దు.

రెక్కలు ఎత్తించడం దీనితో కలపకుండా విడిగా నేర్పండి. చంక కింద వేలు తాకిస్తే ఒక గింజ, రెక్క కొద్దిగా ఎత్తనిస్తే ఇంకోటి. "రెక్క" అంటే తనంతట తనే ఎత్తడం గుమ్మడికి ఇరవై రోజుల్లో వచ్చేసింది. పట్టీ బకిల్ బిగిసేటప్పుడు వచ్చే టక్ అనే చప్పుడు దానికి అస్సలు పడేది కాదు. పక్క గదిలో కూర్చుని, టీవీ చూస్తూ వంద సార్లు టక్ టక్ లాడించి, రోజురోజుకీ దగ్గరికి వచ్చాను. మా తమ్ముడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. ఈకలు రాల్చే కాలంలో, కొత్త ఈకలు ముళ్ళలా పొడుచుకొస్తున్నప్పుడు, అన్నీ ఆపెయ్యండి. ఆ మొలకల్లో రక్తం ఉంటుంది, పట్టీ ఒరిసినా నొప్పే.

తొడిగాక పట్టీకీ రొమ్ముకీ మధ్య మీ చిటికెన వేలు సులువుగా దూరాలి. మరీ వదులైతే అది ముక్కు దూర్చి ఇరుక్కుపోతుంది, అదీ ప్రమాదమే. కాలికి గొలుసో తాడో కట్టి తిప్పడం మనవైపు సంతల్లో చూసే ఉంటారు. ఎగరబోయి తాడు చివరికి చేరగానే ఆ కుదుపంతా సన్నని కాలి ఎముక మీద పడుతుంది, విరుగుతుంది. అది ఎప్పుడూ చెయ్యకండి.

డబ్బు మిగుల్చుకుందామని మధ్యలో నేను మా దర్జీ చేత నాడాతో ఒక హార్నెస్ కుట్టించాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెండో రోజుకే గుమ్మడి కుట్లు కొరికి దారాలు లాగింది, ఒక దారం కాలివేలికి చుట్టుకుని వేలు నల్లబడబోయింది. చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. పిట్టలకని అమ్మే హార్నెస్సే కొనండి, తాడులో సాగే ఎలాస్టిక్ ముక్క ఉన్నది చూసి. అయినా వాడే ముందు ప్రతిసారీ పట్టీ అంతా వేలితో తడిమి, కొరికిన చోటు ఉందేమో చూసుకోవాలి. ఒంటి మీద ఉన్నంతసేపూ మీరు పక్కనే ఉండాలి, హార్నెస్‌తో పంజరంలో వదలకూడదు. రెట్ట పడకుండా వేసే డైపర్ సూట్‌కి కూడా నేర్పే వరస ఇదే.

ఎవరో ఒకరు మీకు రెక్కలు కత్తిరించెయ్యండి, గొడవ వదిలిపోతుంది అని చెప్పే ఉంటారు. కత్తిరించిన పిట్టని కూడా గాలి ఎత్తుకుపోతుంది, అదీ సముద్రం ఒడ్డున. పైగా దిగడం దాని చేతిలో ఉండదు.

బయటకి మొదట మా డాబా మీదకే తీసుకెళ్ళాను, కానీ సంక్రాంతి అయ్యాక కొన్నాళ్ళు ఆగి. గాలిపటాల మాంజా తీగల మీదా, చెట్ల మీదా చాలా రోజులు వేలాడుతూనే ఉంటుంది. మొదటి రోజు అయిదు నిమిషాలే. గుమ్మడి ఉన్నట్టుండి నా భుజం మీద బొమ్మలా బిగుసుకుపోయి, తల వంచి ఒంటికన్నుతో ఆకాశంలోకి చూసింది. నాకేం కనబడలేదు. కాసేపయ్యాక చూస్తే, చాలా ఎత్తున ఒక గద్ద చుక్కలా తిరుగుతోంది. అప్పటి నుంచి అది పైకి చూస్తే నేను లోపలికి నడుస్తాను. ఎండ విషయంలోనూ అంతే. అరసవల్లి ఊరివాళ్ళు, పైగా సూర్యుడి పేరున్న పిట్ట, కానీ ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటాక బయటకి వద్దు. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని ఒగర్చితే వెంటనే నీడకి తెచ్చి నీళ్ళివ్వండి. తేలినీలాపురం పక్షుల కేంద్రంలో కొంగల దగ్గరికీ, కోళ్ళ ఫారాల వైపూ అసలు తీసుకెళ్ళొద్దు, అడవి పక్షుల నుంచీ కోళ్ళ నుంచీ జబ్బులు అంటుకుంటాయి.

ఒక సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. మన రామచిలుకల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సన్ కన్యూర్ దక్షిణ అమెరికా పిట్ట కాబట్టి పెంచుకోవచ్చు, కానీ 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. హార్నెస్ వేసి నలుగురిలోకి తీసుకెళ్తే అడిగేవాళ్ళు అడుగుతారు, ఆ కాగితం ఫోన్లో ఉంచుకోండి.

బీచ్ సంగతి పిల్లలకి ఇప్పుడే మాటివ్వకండి. మా గుమ్మడి ఇప్పటికి కోట చుట్టూ పొద్దున్నే ఒక రౌండు వేస్తుంది, అంతే. మూడు లాంతర్ల సెంటర్ వైపు ఆటోల హారన్లకి ఇంకా ఉలిక్కిపడుతుంది, నేనూ అటు తీసుకెళ్ళను.

మీరు ఈ వారం చెయ్యాల్సింది ఒక గాజు కొనడం. ప్లాస్టిక్‌ది, 2.8 సైజు అడగండి. మెరుపులూ పూసలూ అతికించింది వద్దు, ఊడబెరికి మింగేస్తుంది. ఆడించేటప్పుడు గాజు మీ చేతిలోనే ఉండాలి, పంజరంలో వెయ్యకండి. మీ చెయ్యంటే దానికి ఇంకా భయంగా ఉంది కాబట్టి, మొదటి నాలుగు రోజులు అది కొరకని మనిషి చేత పట్టించండి. మా ఇంట్లో అయితే అది అమ్మమ్మే.